దస్తావేజులో పేరు ఒకరిది, ఆస్తి ఎవరిది?

పోయిన నెల ఇదే శీర్షికలో అన్నదమ్ముల పంపకాల గురించి రాస్తూ ‘కన్‌స్ట్రక్టివ్ ట్రస్ట్’ అనే మాట వాడి, వివరించకుండా ముందుకు వెళ్లిపోయాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. నాలుగింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉత్తరాల్లో ఉన్న పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మా నాన్నగారు మున్సిపల్ కూరగాయల మార్కెట్లో షాపు లీజుకు తీసుకుని చాలా ఏళ్లు నడిపారు. ఆయన పోయాక రెన్యువల్‌కి ఒక్కరి పేరే ఇవ్వాలన్నారు. అందరం కూర్చుని మాట్లాడుకుని అన్నయ్య పేరు ఇచ్చాం. డిపాజిట్ డబ్బులో కొంత అమ్మ గాజులు అమ్మి, కొంత నేను చిట్టీ పాడి కట్టాం. ఇప్పుడు అన్నయ్య ‘లీజు నా పేరున ఉంది, మీకేం సంబంధం’ అంటున్నాడు. అమ్మ రోజూ ఏడుస్తోంది. కాగితం మీద పేరు లేకపోతే మాకేమీ లేనట్టేనా? (తెనాలి నుంచి ఒక సోదరి)

జవాబు: లేనట్టు కాదమ్మా. మీలాంటి కేసు దాదాపు 300 ఏళ్ల కిందట లండన్‌లో వచ్చింది. అదీ మార్కెట్ లీజే, అందుకే మీ ఉత్తరం చదవగానే గుర్తొచ్చింది. రొమ్‌ఫర్డ్ అనే ఊళ్లో సంత మీద వచ్చే ఆదాయానికి లీజు ఉండేది. దాని హక్కుదారు ఒక మైనరు పిల్లవాడు, అతని తరఫున ఒక ధర్మకర్త దాన్ని చూసుకుంటున్నాడు. గడువు అయిపోయినప్పుడు అతను పిల్లవాడి పేరున రెన్యువల్ చేయమని అడిగాడు, మైనరుకి ఇవ్వనని యజమాని అన్నాడు. అప్పుడు తన పేరునే తీసుకున్నాడు. మోసం చేశాడని కూడా ఎవరూ తేల్చలేదు. అయినా 1726లో లార్డ్ ఛాన్సలర్ హోదాలో ఉన్న కింగ్ అనే న్యాయమూర్తి, ఆ లీజు పిల్లవాడిదే, వచ్చిన లాభం లెక్కచెప్పి అతనికే అప్పగించు అని తీర్పిచ్చారు. ప్రపంచంలో ఎవరైనా ఆ లీజు తీసుకోవచ్చు గానీ ఈ ఒక్క మనిషి తన కోసం తీసుకోకూడదన్నది ఆ తీర్పు సారం. నమ్మి అప్పగించిన స్థానంలో ఉన్నవాడికి ఆ స్థానం వల్ల వచ్చింది అతని సొంతం కాదు.

కన్‌స్ట్రక్టివ్ ట్రస్ట్ అంటే ఇదే. ఆ మాట చూసి ఏదో కట్టడానికి సంబంధించిందని చాలామంది అనుకుంటారు, కానీ దాని మూలం ‘అలా ఉన్నట్టు భావించడం’. ఎవరూ ట్రస్టు డీడ్ రాయలేదు, ‘నేను ధర్మకర్తను’ అని ఎవరూ సంతకం పెట్టలేదు. అయినా జరిగింది చూశాక, ఆస్తి తన పేరున పెట్టుకున్న మనిషిని కోర్టు ధర్మకర్తగా భావిస్తుంది, ఆస్తిని ఇంకొకరి కోసం పట్టుకున్నట్టు లెక్కవేస్తుంది.

మన దగ్గర ఇది చట్టంలోనే ఉంది. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ తొమ్మిదో అధ్యాయం మొత్తం దీనికోసమే. అందులో 90వ సెక్షన్ మీరు లాయరుగారికి తప్పకుండా చూపించాలి. ఒక ఆస్తిలో పరిమిత హక్కు ఉన్నవాళ్లు, సహ యజమానులు, ఆ హోదాను వాడుకుని మిగతావాళ్ల హక్కుకి భంగం కలిగేలా లాభం పొందినా, అందరి ప్రతినిధిగా నిలబడి లాభం పొందినా, ఆ లాభాన్ని అందరి కోసం పట్టుకోవాల్సిందే. దాని కింద ఇచ్చిన మొదటి ఉదాహరణే లీజు తన పేరున రెన్యువల్ చేయించుకున్న మనిషిది. అయితే అన్నయ్య న్యాయంగా పెట్టిన ఖర్చులో మీ వాటా మీరు ఇవ్వాలి, అది కూడా అదే సెక్షన్‌లో ఉంది.

ఇంకా దగ్గరి కేసు బెంగళూరుది. అక్కడ కార్పొరేషన్ ఇంట్లో తల్లి అద్దెకుండేది. ఆమె పోయాక నిబంధన ప్రకారం ఒక్క వారసుడి పేరునే రాయాల్సి వచ్చి కొడుకు పేరు పెట్టారు, ఇంటి కోసం కట్టిన డబ్బు మాత్రం తండ్రి, ఆడపిల్లలు కూడా వేశారు. తర్వాత అతను ఇల్లంతా నాదే అన్నాడు. బినామీ చట్టం ప్రకారం వీళ్లు దావా వేయడానికే వీల్లేదని వాదించాడు కూడా. 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కుటుంబం అతని మీద ఉంచిన నమ్మకాన్ని బట్టి అతను ఆ ఇంటిని తోడబుట్టినవాళ్ల తరఫున కూడా పట్టుకుని ఉన్నాడని చెప్పింది.

మీరు చూసుకోవాల్సినవి రెండున్నాయి. మున్సిపాలిటీ లీజు షరతుల్లో ఏముందో కాపీ తీసుకోండి, ఎందుకంటే వారసులకు ఎంతవరకు దక్కుతుందనేది ముందు అక్కడే తేలాలి. రెండోది, ఆలస్యం చేయకండి. స్పష్టంగా ఏర్పాటు చేసిన ట్రస్టు ఆస్తి తిరిగి రాబట్టడానికి లిమిటేషన్ చట్టం 10వ సెక్షన్ కాలపరిమితి లేకుండా వెసులుబాటు ఇస్తుంది గానీ, కోర్టు భావించే ఇలాంటి ట్రస్టులకి అది వర్తించదు. గాజులు అమ్మిన రసీదు, చిట్టీ పాడిన పుస్తకం, డిపాజిట్ కట్టిన చలానా ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ప్రశ్న: నేను లా చదువుతున్నాను. ఇన్‌స్టిట్యూషనల్, రెమెడియల్ అని కన్‌స్ట్రక్టివ్ ట్రస్టు రెండు రకాలని పుస్తకంలో ఉంది. ఎన్నిసార్లు చదివినా ఎక్కడం లేదు. అన్ని దేశాల్లో ఈ సూత్రం ఒకటేనా? (వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఒకటి కాదు బాబూ. తేడా పట్టుకోవాలంటే నిర్వచనాలు కాసేపు పక్కన పెట్టి, పెళ్లి కాకుండా కలిసి బతికిన జంటల ఇళ్ల కేసులు చదువు. ఈ సూత్రం ఎక్కువగా నలిగింది అక్కడే.

ఇంగ్లండ్‌లో 1975లో ఒక కేసు వచ్చింది. ఇల్లు కొనేటప్పుడు ఆమె పేరు కూడా పెట్టాలి కదా అంటే, నీకింకా 21 నిండలేదు, కుదరదు అని అతను చెప్పాడు. అది వంక మాత్రమేనని తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు. ఆమె ఆ పాత ఇంటిని బాగుచేయడానికి ఆరు కిలోలకు పైగా బరువున్న సుత్తి పట్టుకుని కాంక్రీటు పగలగొట్టింది. లార్డ్ డెన్నింగ్ ఉన్న అప్పీలు కోర్టు ఆమెకి నాలుగో వంతు ఇచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1984లో, దాదాపు 19 ఏళ్లు కలిసి బతికి, ఇద్దరు పిల్లల్ని పెంచి, ఇల్లు నడిపిన ఇంకో ఆవిడకి అదే అప్పీలు కోర్టు ఏమీ ఇవ్వలేదు. ఇల్లు కొనడానికి ఆమె డబ్బు పెట్టలేదు, నీకూ వాటా ఉందని అతను ఎప్పుడూ అనలేదు. అక్కడి కోర్టు వెతికేది ఇద్దరి ఉమ్మడి ఉద్దేశాన్ని, అది దొరక్కపోతే వంట, పిల్లల పెంపకం ఎన్నేళ్లు చేసినా లెక్కలోకి రాలేదు. ఆ తీర్పు ఎప్పుడు చదివినా నాకు బాధేస్తుంది. తర్వాత ఇంగ్లండ్ కొంత మెత్తబడింది. 2011లో ఇద్దరి పేరునా ఉన్న ఇంటి కేసులో, అతను వెళ్లిపోయాక ఏళ్ల తరబడి అప్పు, ఖర్చులు, పిల్లల్ని ఒక్కతే మోసిన ఆవిడకి 90 శాతం, అతనికి 10 శాతం సరైనదేనని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంగ్లండ్ తన ట్రస్టుని ఇన్‌స్టిట్యూషనల్ అంటుంది. అంటే ఘటన జరిగిన రోజునే ట్రస్టు పుట్టేసింది, జడ్జి వచ్చి అది ఉందని చెబుతాడు, అంతే. జడ్జి ఇవాళ ఇదే న్యాయం అనుకుని కొత్తగా ఇచ్చే పరిష్కారమైతే అది రెమెడియల్. ఇది మాటల తేడా మాత్రమే కాదు. ఆస్తి తన పేరున పెట్టుకున్న మనిషి దివాలా తీశాడనుకో, ట్రస్టు ముందే ఉంటే ఆ ఆస్తి అతనిది కాదు కాబట్టి అప్పులవాళ్లు ముట్టుకోలేరు. కేవలం ‘నాకింత డబ్బు రావాలి’ అనే హక్కే ఉంటే, నువ్వూ ఆ అప్పులవాళ్ల వరసలో ఒకడివి.

కెనడా మలుపు తిప్పింది. 1973లో అల్బర్టా పశువుల రాంచ్ భార్య కేసు వచ్చింది. భర్త ఏడాదిలో అయిదు నెలలు ఇంట లేకపోతే గడ్డి కోయడం, ట్రక్కు నడపడం, పశువులకి టీకాలు వేయడం, ముద్రలు కొట్టడం అన్నీ ఆమే చేసింది. అక్కడి ఏ రాంచ్ భార్య అయినా చేసే పనే కదా అని కింది కోర్టు అంది, సుప్రీంకోర్టులో కూడా ఆమె ఓడిపోయింది. జస్టిస్ లాస్కిన్ ఒక్కరే ఆమె వైపు తీర్పు రాశారు. దేశమంతా దాని మీద గొడవ జరిగింది, రాష్ట్రాల్లో దంపతుల ఆస్తి చట్టాలు మారడానికి ఆ కోపమూ ఒక కారణం.

తర్వాత 1980లో తేనెటీగల కేసు. రోజా బెకర్, లోథార్ పెట్కస్ ఇద్దరూ ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్లు, 1955లో మాంట్రియల్‌లో కలిశారు. ఇంటి అద్దె, తిండి ఖర్చు ఆమె జీతంలోంచి గడిచేది, అతని జీతం అతని పేరున దాచేవాడు. ఆ డబ్బుతో పొలం కొన్నారు, తేనెటీగల పెంపకం మొదలెట్టారు, పద్నాలుగేళ్లకు పైగా ఇద్దరూ కలిసి చాకిరీ చేశారు. విడిపోయాక కింది కోర్టు ఆమెకి ఇచ్చింది 1500 డాలర్లు, 40 తేనెపెట్టెలు. ఆ పెట్టెల్లో ఈగలు కూడా లేకుండా. సుప్రీంకోర్టులో జస్టిస్ డిక్సన్ సగం వాటా ఖాయం చేశారు. ఆయన ఉమ్మడి ఉద్దేశం కోసం వెతకలేదు. ఒకరు బాగుపడ్డారా, దానివల్ల ఇంకొకరు నష్టపోయారా, ఆ బాగుపడటానికి చట్టపరమైన కారణం ఏమైనా ఉందా, ఈ మూడే అడిగారు. పరీక్షలో ఈ మూడు ప్రశ్నలు రాస్తే కెనడా గురించి సగం రాసినట్టే.

కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. తీర్పు అమలు కాకుండా ఏళ్లు గడిచాయి, గెలిచిన వాటా ఆమె చేతికి అందలేదు. 1986లో ఆమె ఆత్మహత్య చేసుకుంది. ప్రపంచమంతా లా విద్యార్థులకి పాఠంగా చెప్పే తీర్పు, దాన్ని గెలిచిన మనిషికి పనికి రాలేదు. నువ్వు రేపు కోర్టులో నిలబడతావు, డిక్రీ తెచ్చాక అమలు దాకా క్లయింటుతో ఉండు.

ఆస్ట్రేలియా 1987లో ఇద్దరూ జీతాలు కలిపి బతికిన జంట కేసులో, అంతా నాదే అనడం మనస్సాక్షికి విరుద్ధమా అన్న ప్రశ్న మీద నిలబడి, పెట్టిన డబ్బు నిష్పత్తిని బట్టి పంచింది. అమెరికాలో 1919లో జడ్జి కార్డోజో, న్యాయస్థానపు మనస్సాక్షి బయటపడే సూత్రమే కన్‌స్ట్రక్టివ్ ట్రస్ట్ అన్నారు. అక్కడ దాని వాడకం బాగా విస్తృతం. సీఐఏ మాజీ అధికారి ఒకరు ఒప్పందం ప్రకారం ముందు చూపించకుండా పుస్తకం అచ్చువేస్తే, అందులో రహస్యాలు లేకపోయినా దాని మీద వచ్చిన డబ్బు ప్రభుత్వం కోసం పట్టుకున్నట్టేనని 1980లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఫ్రాన్స్, జర్మనీ లాంటి చోట్ల అసలు ఈ ట్రస్టు ఊహే ఇమడదు. ఒక వస్తువుకి ఒకే యజమాని, కాగితం మీద ఒకరు, న్యాయంలో ఒకరు అనే రెండంతస్తుల యాజమాన్యం వాళ్ల సివిల్ కోడ్‌లో లేదు. అలాగని న్యాయం లేదని కాదు. 1892లో ఫ్రాన్స్‌లో ఒక కౌలు రైతు ఎరువులు అరువు తెచ్చి చల్లాడు, కౌలు కట్టలేక పొలం వదిలేశాడు, చేను మీదున్న పంట భూస్వామికి దక్కింది. ఎరువుల వ్యాపారి నేరుగా ఆ భూస్వామి మీద దావా వేసి గెలిచాడు. మన పల్లెలో ఎవరికి చెప్పినా వెంటనే అర్థమయ్యే న్యాయం అది. కారణం లేకుండా ఒకరి సొమ్ముతో బాగుపడకూడదన్న ఆ సూత్రం 2016లో వాళ్ల కోడ్‌లోకి ఎక్కింది. జర్మనీ కోడ్‌లో అయితే 1900 నుంచే 812వ సెక్షన్‌గా ఉంది. వీటితో వచ్చేది మామూలుగా డబ్బు మీద హక్కే, దివాలా వస్తే పైన చెప్పిన రక్షణ దొరకదు. స్కాట్లండ్ కోర్టులకీ కన్‌స్ట్రక్టివ్ ట్రస్ట్ అంటే మొదటి నుంచి అనుమానమే. అక్కడ కలిసి బతికిన జంటల కోసం 2006లో విడిగా చట్టం చేసుకున్నారు.

మన దేశం పద్ధతి వీటన్నిటికంటే వేరు. జడ్జి మనస్సాక్షికి వదలకుండా 1882లోనే సెక్షన్లుగా రాసేశారు. 88వ సెక్షన్ చదువు, ఏజెంటు, భాగస్వామి, కంపెనీ డైరెక్టరు, లాయరు, ఎవరైనా సరే నమ్మకపు స్థానాన్ని వాడుకుని సంపాదించింది ఎవరి కోసమో అక్కడ దొరుకుతుంది. 96 కూడా చదువు, ఏమీ తెలియక డబ్బిచ్చి కొన్నవాడికి రక్షణ అందులోనే ఉంది.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. 2019లో మా మేనమామ కొడుకు పేరున హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాను, డబ్బంతా నాదే. నేను వచ్చినప్పుడు నా పేరున మార్చుకోవాలన్నది మాట. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. కన్‌స్ట్రక్టివ్ ట్రస్ట్ అని దావా వేయొచ్చా? (అమెరికా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు ఒక హెచ్చరిక, లాయరుతో మాట్లాడకుండా ఏ నోటీసూ పంపకండి. ఒకరు డబ్బు పెట్టి ఇంకొకరి పేరున కొంటే డబ్బు పెట్టినవాడి కోసమే ఆస్తి ఉన్నట్టు చెప్పే సెక్షన్ మన ట్రస్టు చట్టంలో ఒకప్పుడు ఉండేది, అది 82వది. 1988లో బినామీ చట్టం తెచ్చి దాన్ని రద్దు చేశారు. అమెరికాలో మీకు అలవాటైన న్యాయం ఇక్కడ సరిగ్గా ఈ చోటే ఆగిపోతుంది. 2016 నవంబర్ 1 నుంచి చట్టం ఇంకా కఠినమైంది, బినామీ అని తేలితే ఆస్తి జప్తు అవుతుంది, ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా పడొచ్చు, అదీ ఇద్దరికీ. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేరున అయితే దస్తావేజులో మీరూ ఉమ్మడి యజమానిగా ఉండి, డబ్బుకి లెక్క ఉంటే మినహాయింపు ఉంది. మేనమామ కొడుకు ఆ జాబితాలో లేడు. అతను రేపు మనసు మార్చుకుని తిరిగి రాసిస్తానన్నా, బినామీదారు అసలు యజమానికి తిరిగి బదిలీ చేయకూడదని 6వ సెక్షన్ చెబుతోంది.

మిగిలిన దారి, అతను మీ నమ్మకస్తుడి హోదాలో పట్టుకున్నాడని నిరూపించడం. ఆ మినహాయింపు చట్టంలో ఉంది, కానీ చుట్టరికం ఒక్కటే చాలదు. మీరు బ్యాంకు ద్వారా పంపిన ప్రతి రూపాయి, ఏ పని కోసం పంపారో చెప్పే మెసేజ్‌లు, అద్దె ఎవరికి చేరింది, పన్ను ఎవరు కట్టారు, ఇవన్నీ వరసగా పెట్టి ఈ చట్టం బాగా తెలిసిన లాయరుకి చూపించండి. నిజానికి మీ పేరునే కొనుక్కోవచ్చు, ఎన్నారైలు ఇక్కడ ఫ్లాట్ కొనడానికి అడ్డేమీ లేదు. అడ్డంకి ఉన్నది వ్యవసాయ భూమికి, ఫామ్‌హౌస్‌కి, తోటలకి. ఆ భూములు బంధువుల పేరున కొన్నామని ఇంకో ముగ్గురు రాశారు. ఆ ముగ్గురికీ చెప్పేది, మీ పరిస్థితి ఇంతకంటే కష్టం, దయచేసి ఇంకో ఎకరం అలా కొనకండి.

ప్రశ్న: మా ఆయన 14 ఏళ్లుగా కువైట్‌లో ఉన్నారు. పిల్లలు, అత్తమామలు, ఇల్లు అన్నీ నేనే చూసుకున్నాను. నా నగలు అమ్మి కొంత, ఆయన పంపిన దాంట్లో మిగిల్చి కొంత వేసి ఆయన పేరున స్థలం కొన్నాను. ఇప్పుడు విడిపోదామంటున్నారు, స్థలంలో నాకు రూపాయి హక్కు లేదంటున్నారు. నేను సంపాదించలేదు కాబట్టి నిజంగానే లేదా? (అన్నమయ్య జిల్లా నుంచి ఒక సోదరి)

జవాబు: సంపాదించలేదని మీరే రాశారు, అది మాత్రం నేను ఒప్పుకోనమ్మా. మీరు ఆ ఇల్లు మొయ్యకపోతే ఆయన 14 ఏళ్లు అక్కడ ఉండగలిగేవారా?

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు సరిగ్గా ఈ మాటే చెప్పింది. అక్కడ భర్త సౌదీలో పనిచేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ ఆస్తులు కొంది. తర్వాత అతను, ఆమె నా ధర్మకర్త మాత్రమే, అన్నీ నావే అని దావా వేశాడు. ఇల్లాలు రోజంతా చేసే పని, ఆమె వదులుకున్న కలలు కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని, భర్త డబ్బుతో కొన్న వాటిలో ఆమెకి సమాన వాటా ఉందని కోర్టు చెప్పింది. కెనడా 1980లో చేరిన చోటికి మన కోర్టు ఒకటి చేరిందని ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అది మద్రాసు తీర్పు, మన ఆంధ్రప్రదేశ్ కోర్టులు దాన్ని చూసి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అనే చట్టం గోవాలో ఉంది గానీ మనకి లేదు. ఆ చట్టం రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మీ చేతిలో ఇంతకంటే బలమైనది నగల డబ్బు. స్త్రీధనం పూర్తిగా మీ సొత్తు. భార్య స్త్రీధనం భర్త చేతికి ఇచ్చినంత మాత్రాన అతని సొత్తు అయిపోదని, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. మీవి అమ్మి స్థలంలో పెట్టారు కాబట్టి వాదన కొంచెం వేరుగా ఉంటుంది, అందుకే ఏ నగ ఎక్కడ అమ్మారు, ఆ డబ్బు ఏ తేదీన స్థలం అమ్మినవాళ్లకి చేరింది అన్నది దొరికినంత వరకు కాగితాలతో చూపించాలి. నగలతో ఉన్న పెళ్లి ఫోటోలు కూడా పనికొస్తాయి. ఇప్పుడు మీరుంటున్న ఇంట్లోంచి మిమ్మల్ని వెళ్లగొట్టకుండా 2005 నాటి గృహహింస చట్టంలో నివాస హక్కు వేరుగా ఉంది, స్థలం తగాదా తేలేదాకా ఇల్లు ఖాళీ చేయకండి. ఆ స్థలం వేరేవాళ్లకి అమ్మేస్తే, ఏమీ తెలియక కొన్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవడం చాలా కష్టం, కాబట్టి అమ్మకుండా స్టే అడగడం మొదటి పని. లాయరు ఫీజుకి డబ్బు లేదని ఉత్తరం చివర రాశారు. జిల్లా కోర్టు ప్రాంగణంలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు, ఆధార్ కార్డు, స్థలం దస్తావేజు కాపీ తీసుకెళ్లండి.